కంకర గుట్టల మీద మంచు

వీధి చివర స్టూడియో నడిపే ఫొటోగ్రాఫర్‌ని అందరూ పొగమంచు అంటారు. ఒకప్పుడు ఆయన బాగానే ఉండేవాడు. పాస్‌పోర్టు ఫొటోల్లో చెవులు రెండూ కనిపించేలా తీసేవాడు. పాత పుస్తకాల బండి మీద చైనా కొండల చిత్రాల పుస్తకం కంటబడ్డాక చెడిపోయాడు. నిద్రలో ఊపిరి తీస్తున్నట్టుండే కొండలు, అడుగున చీమంత మనిషి, మిగతాదంతా తెల్లటి ఖాళీ. ఆ ఖాళీలో చిత్రాన్ని తర్వాత కొనుక్కున్నవాళ్లెవరో నిలువునా రాసుకున్న కవితలు, మూలన ఎర్రటి ముద్ర.

ఆయనకు జీవితంలో ఒకటే కోరిక. అత్తగారింటి ముందు గదిలో, సోఫా పైన, తను తీసిన ఫొటో వేలాడాలి. అక్కడేమో పెద్దల్లుడి బీమా కంపెనీ క్యాలెండర్ ఏళ్ల తరబడి రాజ్యమేలుతోంది.

మరదలి పెళ్లి ఆ అవకాశం తెచ్చింది. ఇంటిల్లిపాది ఫొటో రెండో అల్లుడైన ఆయనే తీయాలన్నారు. ఆయన అందరినీ పెళ్లిబట్టలతోనే వ్యానెక్కించి కంకర క్వారీకి తీసుకెళ్లాడు. గుట్టలే కొండలు. యంత్రం కక్కే దుమ్మే మంచు.

"ఇంకాస్త వెనక్కి... ఇంకాస్త..."

"ఏమండీ, ఇంకా వెనక్కెళ్తే పక్క ఊరొస్తుంది!" భార్య అరిచింది.

"నవ్వమంటావా బావా?" అంది పెళ్లికూతురు.

"నీ ఇష్టం తల్లీ. ఎలాగూ కనిపించదు."

తలుపంత ఫొటో అత్తగారింటికి చేరింది. ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుంది.

"నేనెక్కడున్నాను బాబూ?"

"ఇదిగో అత్తయ్యగారూ, ఈ చుక్క."

"పక్కన ఈ పెద్ద చుక్క?"

"అన్నయ్యగారు. కాదు కాదు, నీళ్ల డ్రమ్ము."

"పోనీలే తమ్ముడూ," అన్నాడు పెద్దల్లుడు, "డ్రమ్ము చక్కగా వచ్చింది."

భార్య వంటగదిలోకి వెళ్లి, తను అనలేనివి గిన్నెల చేత అనిపించింది. ఆయన ఫొటోని చుట్టబోయాడు.

"ఆగండి," అంది అత్తగారు. ఆ ఇంట్లో ప్రతి ఫొటో ఒక తగువు. ఒకదాంట్లో ఓరన నిలబెట్టారని ఆడపడుచు మాటలు మానేసింది. ఇంకోదాంట్లో సగం మొహం తెగిందని మరిది గడప తొక్కలేదు. "ఇందులో మధ్యనెవరో ఓరనెవరో బ్రహ్మ కూడా చెప్పలేడు. ఇంత ప్రశాంతమైన ఫొటో నా జన్మలో చూళ్లేదు. ఆ క్యాలెండర్ తీసెయ్యండి."

నెల తర్వాత ఆయన తన కళాఖండాన్ని చూసుకోవడానికి వెళ్లాడు. సోఫా పైన, ఠీవిగా ఉంది. తెల్లటి మంచులో అత్తగారి దస్తూరీలో, నిలువునా, గ్యాస్ వాడి నంబరు, డాక్టర్ నంబరు, ప్లంబర్ నంబరు. పాపం, క్యాలెండర్ పోయాక ఆవిడ మాత్రం ఎక్కడ రాసుకుంటుంది? మూలన పెద్దల్లుడు కొట్టిన బీమా ఏజెంటు ముద్ర, ఎర్రగా.

"ఏమీ అనకండి," భార్య చెవిలో అంది. "గోడ దక్కింది కదా."

ఆయన చాలాసేపు చూశాడు. రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వంచి మళ్లీ చూశాడు.

"అంతా కుదిరింది అత్తయ్యగారూ. ఆ ప్లంబర్ ఒక్కడే కొండకి మరీ దగ్గరైపోయాడు."