తోడికోడలి పాటకు నా కరెంటు

మా ఇల్లూ మా మరిది ఇల్లూ ఒకప్పుడు ఒకటే. మామగారు పోయాక మధ్యలో గోడ లేచింది గానీ మీటరు మాత్రం ఒక్కటే మిగిలింది. బిల్లు వస్తే చెరిసగం. మైపాడు దగ్గర మా వీధిలో ఇలాంటి ఇళ్లు ఇంకా ఉన్నాయి, అందుకని ఎవరికీ అది వింతగా అనిపించదు. వాళ్ల ముందుగదిలోకి ఆ కంప్యూటరు వచ్చేదాకా నాకూ అనిపించలేదు.

మరిది ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్. ఎక్కడో పాత కంప్యూటరు ఒకటి సంపాదించి, మా చర్చి స్త్రీల కూటంలో పాడే పాటలన్నీ అందులోకి ఎక్కించి, ఒక వెబ్‌సైటు పెట్టాడు. ఏ దేశంలో ఉన్నవాళ్లయినా ఫోనులో తెరిచి వినొచ్చట. ఆ సైటు నడిచేది ఈ కంప్యూటరు మీదే కాబట్టి ఇది పగలూ రాత్రీ ఆగకూడదట. ఉప్పుగాలికి దాని ఫ్యాను తుప్పు పడితే విప్పి, బ్రష్షుతో తుడిచి, మళ్లీ బిగించేవాడు.

ఇక అందరి నోటా మా తోడికోడలి పాటే. కువైట్‌లో ఉన్న మా ఊరివాళ్లు విన్నారట. గూడూరు నుంచి ఎవరో పాస్టరమ్మగారు ఫోను చేసి మెచ్చుకున్నారట. ఆదివారం చర్చి బయట చెప్పులు వేసుకునేటప్పుడు ఆడవాళ్లంతా దాని చుట్టూనే. దాని గొంతు బాగుంటుంది, కాదనను. కానీ పదహారేళ్లుగా ఆ కూటంలో పాట ఎత్తుకునేది నేను. అది కాపురానికి వచ్చిన కొత్తలో రాగాలు నేర్పిందీ నేనే. రికార్డు చేసిన రోజు మాత్రం రెండో చరణం మరిచిపోయి మొదటిదే మళ్లీ పాడాను. అంతమాత్రానికే నా పాట తీసేసి ఉంటారని నాకు నేనే తేల్చుకున్నాను. ఆ సైటు తెరిచి చూడ్డానికి కూడా మనసొప్పలేదు. కళ్లల్లో నిప్పులు పోసుకున్నానంటే పోసుకున్నాను, దాచడమెందుకు.

పాట గురించి అడగడానికి అభిమానం అడ్డమొచ్చింది. కరెంటు గురించి అడగడానికి ఏం అడ్డం? బిల్లు రాగానే గోడ దగ్గర నిలబడి మొదలుపెట్టాను. రాత్రింబవళ్లు ఆ మిషను తింటుంటే సగం మేమెందుకు కట్టాలన్నాను. దానివల్లే పై శ్లాబులోకి పోతున్నామన్నాను. వాళ్లకు వినబడాలని, మీటరు మీద ఎర్ర లైటు ఎన్నిసార్లు కొట్టుకుంటుందో పైకే లెక్కపెట్టాను. మా ఆయన సిగ్గుతో దొడ్లోకి వెళ్లిపోయాడు. మిషను ఆపేస్తారా, వేరే మీటరు పెట్టించుకుంటారా, ఏదో ఒకటి తేల్చమన్నాను.

మరిది మాటకు మాట అనే మనిషి కాడు. చూద్దాం వదినా, నువ్వు చెప్పింది నిజమైతే ఆపేస్తాను అన్నాడు. ప్లగ్గుకు తగిలిస్తే ఎంత కాలిందో చూపించే చిన్న మీటరు ఒకటి ఫ్యాక్టరీ నుంచి తెచ్చాడు. ఒకరోజంతా వాళ్ల కంప్యూటరుకు పెట్టాడు, ఇంకోరోజు మా ఫ్రిజ్జుకు. మా ఫ్రిజ్జు తలుపు రబ్బరు చిరిగి రెండేళ్లయింది. తలుపు పట్టదని తాడు కట్టి నెట్టుకొస్తున్నాను, మోటారు ఆగిందే లేదు. మూడోరోజు పొద్దున నలుగురం వరండాలో నిలబడి చూశాం. కంప్యూటరు ఒకటిన్నర యూనిటు కూడా తినలేదు. మా ఫ్రిజ్జు నాలుగు దాటింది.

మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయినా నా నోరు ఊరుకుంటుందా!

"కరెంటు సంగతి పక్కన పెట్టబ్బయా. నా పాటెందుకు తీసేసినావు?"

మరిది అయోమయంగా చూశాడు. "ఎవురు తీసినారు వదినా? మొదట్నుంచీ అట్నే ఉండాదే," అని ఫోను నా చేతికిచ్చాడు.

ఉంది. పెద్దదాన్నని నాదే అన్నిటికంటే పైన పెట్టాడట. ఒక్కో పాట పక్కన, దాన్ని ఎన్నిసార్లు విన్నారో అంకె ఉంది. తోడికోడలి పాటకు నాలుగు వందలు దాటింది. నా పాటకు తొమ్మిది.

నేను ఆ అంకె వైపే చూస్తుంటే తోడికోడలు పక్కకు వచ్చి నెమ్మదిగా అంది. "ఆ తొమ్మిదిసార్లూ విన్నది నేనే అక్కా. నీ రాగం నాకు పట్టుబడాలంటే వినాల గదా."

ఇంకొకతె అయితే దాన్ని కావలించుకుని ఏడ్చేది. నాకు ఒళ్లు మండిపోయింది. గొంతు దానిదే, పేరు దానిదే, చివరికి మంచితనం కూడా దానిదే అయిపోతే ఇక నాకేం మిగిలినట్టు? మిషను ఆపొద్దని మరిదికి చెప్పి, మా ఇంట్లోకి వచ్చి తలుపేసుకున్నాను.