కుట్ల నొప్పికి గొర్రెల కూత

మా అక్క తన కిడ్నీ ఒకటి నాకిచ్చింది. హోసూరు ఆసుపత్రిలో ఒకే రోజు ఇద్దరికీ ఆపరేషన్. వరండాకు ఆ చివరి గదిలో ఆమె, ఈ చివరి గదిలో నేను. ఇచ్చినవాళ్ళను ముందు పంపిస్తారట. మధ్యాహ్నానికల్లా ఆమె గురుబరపల్లిలోని ఇంటికి వెళ్ళిపోతుందని నాలుగో రోజు పొద్దున తెలిసింది. ఆలోపు నా కాళ్ళతో నేను నడిచి వెళ్ళి ఆమె ముందు నిలబడాలి. ఇంకే కోరికా లేదు.

పొట్టకు అడ్డంగా అంతా కుట్లే. మాత్రలు వాటి పని అవి చేస్తున్నాయి. అయినా లేవబోతే చాలు, బర్గూరు క్వారీల్లోని బండలన్నీ తెచ్చి నా పొట్ట మీద దించినట్టుండేది. నా మూలుగు విని ఊరవతల జూజువాడి రోడ్డు మీద లారీలు బ్రేకు వేసే ఉంటాయి.

బావ ఏదో పసరు సీసా తెచ్చాడు. నర్సు దాన్ని గాల్లోనే లాక్కుంది.

"లోపల కొత్త కిడ్నీ ఉందప్పా! మమ్మల్ని అడక్కుండా ఆకూ పసరూ ఏమీ తాగకూడదు."

తర్వాత ఫిజియో అమ్మాయి వచ్చింది. మాత్రలకు తోడు ఊపిరి కూడా నొప్పిని తగ్గిస్తుందని చెప్పింది. దిండు పొట్టకు అదుముకోవాలి, పక్కకు తిరగాలి, ఊపిరి మెల్లగా వదులుతూ లేవాలి. ఇంతే!

కానీ నేను పుట్టినప్పటి నుంచీ మేత మోపులెత్తినవాణ్ణి. మోపెత్తాలంటే ఊపిరి బిగబట్టాలి. లేవబోయిన ప్రతిసారీ ఒళ్ళు ఆ పనే చేసింది. పొట్ట రాయి అయింది, నేను దిండు మీద పడ్డాను.

"మూచ్చు బిగబట్టొద్దప్పా, ఊపిరి వదలండి!"

"వదిలితే మోపు జారిపోతుందమ్మా."

"యాడుందప్పా మోపు?"

"ఇదో, నేనే!"

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను, కుట్లు నన్ను క్షమించలేదు.

బావ ఈ ఘనకార్యమంతా అక్కకు ఫోన్లో చెప్పి, ఫోను నా చెవికి పెట్టాడు.

"ఏమిరా, ఇంకా పండుకోనే ఉండావా? సాయంత్రం గొర్రెల్ని ఇంటికి మళ్ళిచ్చేటప్పుడు ఎట్ల కూస్తావు? అట్ల కూస్తా లెయ్యి. నేను అట్లనే లేసినాను."

మా ఇంటి కూత పొడుగ్గా, సన్నగా, ఛాతీలోని గాలంతా అయిపోయేదాకా సాగుతుంది. కూస్తూ ఊపిరి బిగబట్టడం దేవుడి వల్ల కూడా కాదు.

దిండు అదుముకున్నాను. "హో... ఓ... ఓ..."

కూత సగంలో ఉండగానే కూర్చున్నాను. మరో కూతకు నిలబడ్డాను! నొప్పి పోలేదు, కానీ బండలు పగిలి గుప్పెడు కంకరయ్యాయి. ఫిజియో అమ్మాయి ఒక పక్క, సెలైన్ స్టాండు ఒక పక్క, దిగ్విజయ యాత్రలో చక్రవర్తిలా వరండాలోకి అడుగుపెట్టాను. నొప్పి మొరాయించిన చోటల్లా ఒక కూత. గదుల్లోంచి తలకాయలు బయటికొచ్చాయి. హెర్నియా పేషెంటు ఒకాయన నాతో శ్రుతి కూడా కలిపాడు.

అక్క మంచం అంచున, తనూ ఒక దిండు పొట్టకు అదుముకుని కూర్చుని ఉంది. తలుపు దగ్గర నిలబడి రొమ్ము విరిచాను.

"వచ్చినానక్కా!"

పైనుంచి కిందికి చూసి, కళ్ళు తుడుచుకుంది.

"నువ్వేం వచ్చినావులేరా. నా కిడ్నీ నిన్ను తోలుకొచ్చింది."