గడ్డం గీయించుకోవడానికి బొబ్బిలి దాకా

నౌపడ వచ్చిన ఏడు నెలల్లో నేను పోగొట్టుకున్నవి ఇవి. బ్లేడ్లు ముప్పై ఒకటి. గడ్డం సబ్బులు ఆరు. బ్రష్షు ఒకటి. ఎడమ మీసం కొస అర అంగుళం. కుడి దవడ మీద తోలు పావలా కాసంత. ఇవి కాక, బొబ్బిలి కొళాయి నీళ్ళు పట్టి మోసుకొచ్చిన ఐదు లీటర్ల క్యాన్లు రెండు. ఆ నీళ్ళు కూడా ఇక్కడ నురగ ఇవ్వలేదు. దారిలో ఉప్పుగాలి తగిలి పాడయ్యాయనుకుని పారబోశాను.

ఉప్పుమళ్ళ దగ్గర బస్తాలు లెక్కపెట్టడం నా పని. అంతకుముందు ఇరవై రెండేళ్ళు బొబ్బిలిలో ఒక రైసు మిల్లులో బియ్యం బస్తాలు లెక్కపెట్టాను. నౌపడలో నేనుండే ఇంటి బోరు నీళ్ళకి బకెట్టు అంచున తెల్లగా సున్నం కడుతుంది. ఆ నీళ్ళలో సబ్బు నురగ కాదు, తెట్టు కడుతుంది. దాని మీద బ్లేడు జారదు, గీరుతుంది. విసిగిపోయి గడ్డం పెంచేశాను.

అలాగే ఉండిపోయేవాణ్ణి. కానీ నాకు నలభై తొమ్మిదేళ్ళు, భార్య లక్ష్మి పోయి ఆరేళ్ళు. టెక్కలిలో బట్టలు కుట్టే పద్మ అనే ఆమెతో తెలిసినవాళ్ళు సంబంధం మాట్లాడారు. ఆమె ఫోనులో ఒకటే మాట అంది. "ఆదివారం మా అన్నయ్యతో వస్తన్నాను. ఆ గెడ్డం తీసీండి. మొకం సూడకుండా ఔనో కాదో ఎలాగ సెప్పగలను?"

గురువారం సాయంత్రం మరోసారి బ్లేడు పట్టి, కుడి చెంప సగానికి వచ్చేసరికి రక్తం చూసి ఆపేశాను. ఇరవై రెండేళ్ళలో ఒక్క గాటు పడనిది బొబ్బిలి మంగలి అప్పన్న చేతిలోనే, ఇంకో కత్తిని నమ్మే ధైర్యం లేదు. శుక్రవారానికి సెలవు పెట్టి, సగం గడ్డంతోనే ఉదయం ఆరుంపావు ప్యాసింజరు ఎక్కాను. విజయనగరానికి టిక్కెట్టు ముప్పై అయిదు రూపాయలు. కిటికీ పక్క సీటు దొరికింది.

తిలారులో ఎండుచేపల గంపతో ఒకామె ఎక్కి ఎదురుగా కూర్చుంది. నా మొహం చూసి ఊరుకోలేకపోయింది.

"ఏటి బావూ, పిల్లి గీరీసినాదేటి?"

"కాదమ్మా, గడ్డం గీసుకున్నాను."

"అయ్యబాబోయ్! సేపకి పొలుసైనా ఇంతకంటే నెమ్మదిగా తీస్తాం మేం."

పెట్టెలో అందరూ నవ్వారు. పొందూరు దాటే దాకా కండువా మొహం మీదే ఉంచుకున్నాను.

తొమ్మిదీ నలభైకి విజయనగరం. ఇడ్లీ, టీ కలిపి యాభై. పదింపావు బస్సుకి బొబ్బిలి టిక్కెట్టు తొంభై. పన్నెండుకి పది నిమిషాలుండగా దిగాను. అప్పన్న దుకాణం బస్టాండుకి అయిదు నిమిషాల నడక. తలుపు తీసే ఉంది. అప్పన్న మాత్రం స్టూలు మీద కుడికాలు బారజాపుకుని కూర్చున్నాడు. మోకాలు కొబ్బరికాయంత వాచి ఉంది.

"ఓర్నాయనో, బస్తాల నెక్కల బాబే! ఈ మొకమేటిది? ఎవుడు సేసినాడీ పని?"

"నేనే. నౌపడ నీళ్ళతో. కూర్చుంటాను, గీసెయ్యి."

"జుట్టయితే సేస్తాను. గెడ్డం సెయ్యను. నీల్లు లేవు."

ఎదురుగా కొళాయి ధార కడుతోంది. వేలుపెట్టి చూపించాను. అప్పన్న కుంటుకుంటూ లేచి, ఆ కొళాయి నీళ్ళే గిన్నెలో పట్టి, సబ్బు మీద బ్రష్షు తిప్పి నా ముందు పెట్టాడు. విరిగిన పాలలా పలుకులు పలుకులుగా తేలింది. ఏడు నెలలుగా నౌపడ అద్దం ముందు నేను చూస్తున్నది సరిగ్గా అదే.

"ఈ వీధిలో కొళాయికొచ్చీది బోరు నీరే బాబూ. మీ నౌపడకి అన్నదమ్ముడు."

"మరి ఇన్నేళ్ళూ నాకు గీసింది?"

"తోటనూతి నీల్లు. ఊరవతల జీడితోట నేదూ, మూడు కిలోమీటర్లు. వారానికోపాలి సైకిలు మీద రెండు బిందెలు తెచ్చీవోడిని. మూడు వారాలై మోకాలు ఇలగైపోనాది. ఉన్నవి అయిపోనాయి."

"ఒక్కనాడైనా చెప్పలేదేం?"

"నువ్వడిగితే గదా! గెడ్డం గీయించుకున్నోడికి నీల్ల గోలేటి? గాటు పడితే మాట నా సెయ్యి మీదకొస్తాది గానీ నీటి మీదకెల్లదు."

నేను బెంచీ మీద కూలబడ్డాను. ఆ వీధిలోనే ఇరవై రెండేళ్ళు కాపురం చేసినవాణ్ణి. సబ్బుకి నురగ రావడం లేదని లక్ష్మి ఎన్నిసార్లు చెప్పిందో. సబ్బు మంచిది కాదని నేను మూడు రకాలు మార్చాను. నీళ్ళు ఎప్పుడూ చూడలేదు. పైగా ఆ నీళ్ళే క్యాన్లలో పట్టుకుని రైలెక్కాను.

అప్పన్న సైకిలు తీసుకుని బయల్దేరాను. వెళ్ళేటప్పుడు పావుగంట. వచ్చేటప్పుడు నిండు బిందెలు చెరో వైపూ ఊగుతుంటే ఎక్కి తొక్కలేక నడిపించుకుంటూ గంటా పది నిమిషాలు. చొక్కా తడిసిపోయింది. రెండుసార్లు ఆగి బిందెల మూతులకు గుడ్డ బిగించాను. నాకంటే పదేళ్ళు పెద్దవాడు ఈ దారిన వారం వారం వచ్చాడంటే నమ్మబుద్ధి కాలేదు.

అప్పన్న ఒక చెంబు నీళ్ళు కాచాడు. వేడి తువ్వాలు మొహం మీద వేసి, వెంట్రుక నానేదాకా కదలనివ్వలేదు. బ్రష్షు నాలుగు తిప్పులు తిప్పాడో లేదో నురగ వెన్నలా లేచింది. వెంట్రుక వాలు చూసుకుంటూ కత్తి నడిపాడు. చప్పుడు కూడా లేదు. రెండో చెంబుతో కడిగి పటిక రాశాడు. పాత గాట్ల మీద చుర్రుమంది, కొత్త గాటు లేదు. అరవై రూపాయలు తీసుకున్నాడు. వంద ఇస్తే నలభై తిరిగిచ్చాడు.

"నీవు మోసిన నీల్లకి నానెందుకు ఎక్కువ తీసుకుంతాను?" అన్నాడు.

సున్నపు నీళ్ళ ఊళ్ళలో ఉండేవారికి అతను చెప్పిన ఉపాయం ఒకటుంది. గడ్డానికి మంచి నీళ్ళు ఎక్కడున్నాయో మంగలిని అడగొద్దు, వంట చేసే ఆడవాళ్ళని అడగాలి. "ఏ నూతి నీల్లలో కందిపప్పు బేగి ఉడుకుతాదో ఆ నీల్లే." నౌపడలో అడిగాను. రైలుగేటు అవతల అలాంటి నుయ్యి ఒకటి ఉంది. ఏడు నెలలుగా దాని పక్కనుంచే పనికి వెళ్తున్నాను.

ఆదివారం పద్మ వచ్చింది. నా మొహం తేరిపార చూసి, "ఎవరు సేసినారు? బాగా సేసినారు," అంది. జరిగిందంతా లెక్కలతో సహా చెప్పాను. వాళ్ళ అన్నయ్య నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"ఇన్ని నెక్కలు రాసుకున్నోరు, పోయిన మీ ఆవిడ సెప్పిన మాటొకటి రాసుకోనేదేటి?"

రైల్లో గంప మనిషి మాటకంటే ఇది లోతుగా దిగింది. తల వంచుకున్నాను.

"రేపు నాను సెప్తే ఇంతారా?"

"వింటాను."

"అయితే సరే," అంది.

ఇది పెళ్ళయ్యాక, బొబ్బిలి నుంచి తిరుగు రైల్లో రాస్తున్నాను. గడ్డం కోసం వెళ్ళిన ఆ శుక్రవారంతో మొదలెట్టి లెక్కేస్తే బొబ్బిలికి ఇది ఏడో ప్రయాణం. పద్మ పక్కన కిటికీకి ఆనుకుని కునుకు తీస్తోంది. అప్పన్న మోకాలు కొంత నయం, కానీ సైకిలు తొక్కలేడు. వెళ్ళిన ప్రతిసారీ తోటనూతి నుంచి రెండు బిందెలు తెచ్చి అతని దుకాణంలో దింపి వస్తున్నాను. కత్తికీ చేతికీ డబ్బిచ్చాను గానీ నీళ్ళకి ఏనాడూ ఏమీ ఇవ్వలేదు. వారానికి రెండు గడ్డాల చొప్పున ఇరవై రెండేళ్ళకి 2,288. గడ్డానికి రెండు చెంబులు, బిందెకి పదహారు చెంబులు. నా వంతు 286 బిందెలు. లక్ష్మి మాటకు బిందెల లెక్క లేదు, అది తీరేది కాదు. అప్పన్నవి పద్నాలుగు తీరాయి. ఇంకా 272.