పైడమ్మ సెలవులు

మధ్యాహ్నం నుంచి మబ్బు పట్టింది. ఇక ఎండలు అయిపోయినట్టేనని మా ఆవిడ మంచినీళ్ళ కుండ కడిగి బాల్కనీలో బోర్లించింది. తడి మట్టి వాసన గదిలోకి వచ్చింది. నాకు పైడమ్మ పెద్దమ్మ గుర్తొచ్చింది.

మాది హౌరా దగ్గర చిన్న స్టేషను. నాన్న రైల్వేలో పనిచేసేవాడు. ఎండాకాలంలో కరెంటు పోతే క్వార్టర్లలో ఉండలేక, ఉప్పు అద్దిన మామిడి ముక్కలు పట్టుకుని పిల్లలమంతా ప్లాట్‌ఫారం మీదికి చేరేవాళ్ళం. అక్కడ కదంబం చెట్టు కింద నాలుగు కుండలతో పైడమ్మ ఉండేది. శ్రీకాకుళం వైపు మనిషి. ప్రయాణికులకు నీళ్ళు పోయడానికి ఆమెను వేసవిలో మాత్రమే పనిలో పెట్టుకునేవారు. వానలు మొదలవగానే తీసేసేవారు. ఆ కూలీతోనే దుర్గాపూజల దాకా ఇల్లు నెట్టుకొచ్చేది. బండి ఆగగానే కిటికీల్లోంచి "మాసీ, జల్" అంటూ చేతులు చాపేవారు. ఆమె వాళ్ళకు పోస్తూనే, లోపల ఇరుక్కుని కూర్చున్న ముసలివాళ్ళ కోసం తొంగిచూసేది. ఎందుకలా అని ఒకసారి అడిగాను.

"అడిగినోడికి ఎలాగూ పోస్తాను బావూ. అడగలేనోడిని నానే కదా ఎతుక్కోవాల."

తొలి వాన పడిన రోజు మేమంతా తడుస్తూ గంతులేస్తుంటే ఆమె ఒక్కతే కుండలు సర్దుకుంటోంది. రేపటి నుంచి నీకు సెలవులే పెద్దమ్మా అన్నాను సంబరంగా. "అవును బావూ. మీయి అయిపోతన్నాయి, నాయి మొదలవుతన్నాయి" అని నవ్వింది. ఆ నవ్వు నాకు అప్పుడు అర్థం కాలేదు.

పెద్దయ్యాక అదే స్టేషన్లో గుమాస్తానయ్యాను. వేసవి నీళ్ళమనుషుల పేర్లు రాసి పైకి పంపడం నా పని. ఫాల్గుణంలోనే పంపాలి. ఒక ఏడు, ఎండలింకా ముదరలేదులే అని ఆ కాగితం సొరుగులో పెట్టి మరచిపోయాను. పని ఒత్తిడి అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను గాని, అది వట్టి బద్ధకం. పైడమ్మ రోజూ పొద్దున్నే వచ్చి ఖాళీ కుండల పక్కన కూర్చునేది. నా కిటికీలోంచి కనిపిస్తూనే ఉండేది. ఊసుపోక వస్తోంది కాబోలు అనుకున్నాను. మే నెల సగం గడిచాక వేరే కాగితం వెతుకుతుంటే ఇది చేతికి తగిలింది. అది పంపించి, ఆమె దగ్గరికి పరుగెత్తాను. తప్పు ఆమెదే అన్నట్టు, ఒక్కమాట అడగకపోయావా అన్నాను.

"పదిమందిలో నీ బల్ల కాడికొచ్చి అడిగితే నీకు నామోసీ కదా బావూ."

గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే ఈపాటికి మరచిపోయేవాణ్ణి.

ఆ ఏడు ఆమె నీళ్ళు పోసింది పన్నెండు రోజులు. తరవాత వాన దిగింది. మరుసటి ఏడు జాబితాలో ఆమె పేరే మొదట రాశాను. ఆమె రాలేదు. ఖరగ్‌పూర్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందన్నారు. ఖరగ్‌పూర్‌కి రోజూ బళ్ళున్నాయి. నేను వెళ్ళలేదు.

ఇప్పుడు ఎవరి పేరున్న కాగితం చేతికొచ్చినా పొద్దుగూకేలోపు పంపేస్తాను. మంచి అలవాటని ఆఫీసులో కుర్రాళ్ళు మెచ్చుకుంటారు. ఎవరి ఎండాకాలం పాడుచేసి నేర్చుకున్నానో వాళ్ళకు చెప్పలేదు.