ఫై నాదే అన్నాను

ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పకుండా మోసుకొచ్చిన మాట ఒకటుంది. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

నేను సత్తెనపల్లిలో లెక్కలు చెబుతాను. మొన్న క్లాసులో ఒక పిల్ల లేచి, "కోణానికి అందరూ థీటా రాస్తారు, మీరు ఫై ఎందుకు రాస్తారు మేడం?" అంది. అలవాటమ్మా అన్నాను. ఆ అలవాటు నాది కాదు. నస్రీన్‌ది.

నేను నరసరావుపేటలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివాను. మా కాలేజీలో సెక్షన్లకు గ్రీకు అక్షరాలే పేర్లు. ఆల్ఫాకు మంచి లెక్చరర్లు, మెస్సులో ముందు వరస. ఒమేగా అన్నిటికంటే వెనక. మెడలో కార్డు మీద అక్షరాన్ని బట్టి వార్డెన్ గొంతు మారేది. నస్రీన్, నేను ఆల్ఫాలో పక్కపక్కనే కూర్చునేవాళ్లం. కంగారులో థీటా సున్నా అయిపోతుందని, తను నిలువు గీత పొడుగ్గా లాగి ఫై రాసేది.

ఒక ఆదివారం పరీక్షలో నాకు లెక్క రాలేదు. తన పేపర్లో చూసి రాశాను. ఎంత గుడ్డిగానంటే, ప్రశ్నలో థీటా ఉన్నా నా జవాబు నిండా ఫై అక్షరాన్నే దించేశాను. సార్ రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టి, ఎవరు చూసి రాశారని అడిగారు. నస్రీన్ నోరు తెరిచేలోపే, "ఫై నాదే సార్, నేనెప్పుడూ అలాగే రాస్తాను" అన్నాను. మా నాన్న ఊళ్లో పెద్దమనిషి, కాలేజీవాళ్లకు బాగా కావలసినవాడు. నస్రీన్ వాళ్ల నాన్న లారీ మెకానిక్. సార్ ఇంకేమీ అడగలేదు. అడగరని నాకు ముందే తెలుసా? తెలుసు. ఇప్పుడు తెలియదని మీతో కూడా ఎందుకు బొంకాలి?

నస్రీన్‌ను ఒమేగాకు పంపేశారు. ఆ వారం వాళ్ల నాన్న దాచేపల్లి నుంచి వచ్చి, గేటు దగ్గర నస్రీన్ ముందే నన్ను అడిగాడు.

"పాపని వేరే బ్యాచీలో ఏశారంటగా. ఒమేగా అంటే ఏందమ్మా? చానా మంచిదేనా?"

"మంచిదే బాబాయ్."

"నువ్వు చెప్పావు, చాల్లే తల్లీ" అని, తెచ్చిన జామకాయల్లో సగం నా చేతుల్లో పోశాడు. నస్రీన్ నాకేసి చూసింది. ఆయన సంతోషం చెడగొట్టడం ఇష్టంలేక కాబోలు, మిగతా సగానికి తన చున్నీ పట్టింది. ఆ కాయలు నేను తిన్నాను కూడా.

ఇంటర్ తర్వాత తనను చదువు మాన్పించారని విన్నాను. నా వల్లేనా? వేరే కారణాలూ ఉండొచ్చు. ఉండాలని ఎన్నిసార్లు కోరుకున్నానో. ఫోన్ నంబరు దొరకడం కష్టమేం కాదు, నేనే వెతకలేదు.

నాదే అన్న తర్వాత ఫైని వదలడానికి భయమేసింది. సార్ మళ్లీ ఎప్పుడు చూస్తారోనని ప్రతి పేపర్లోనూ అదే రాశాను. రాసీ రాసీ చెయ్యి దానికే అలవాటు పడిపోయింది. రేపు బోర్డు మీద కోణం గీస్తే మళ్లీ అదే రాస్తాను.

అది నస్రీన్ అక్షరం. నేను దొంగిలించాను. ఇన్నాళ్లకు ఈ మాట అనగలిగాను.