రూతమ్మ గారి తెల్ల జీపు

మొన్న మా పాత కారుకు తుప్పు తీయించడానికి ఖమ్మంలో ఒక షెడ్డుకి వెళ్లాం. లోపల అడుగు పెట్టగానే థిన్నర్ వాసన గుప్పుమంది. "మామూలు పెయింటా మేడం, రబ్బర్ కోటింగ్ చెయ్యమంటరా? కోటింగయితే మళ్ల చూసుకునే పనుండది," అన్నాడు పెయింటర్. పాత బండికి అతను చెప్పిందే లాభం, ఆ సంగతి నాకూ తెలుసు. అయినా బయటికొచ్చి గోడ పక్కన కూర్చుండిపోయాను. ఆ వాసన నాకు పడలేదేమోనని మా ఆయన నీళ్ల సీసా అందించాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయనకు రూతమ్మ గారి గురించి చెప్పనే లేదని అప్పుడు గుర్తొచ్చింది.

నేను బొగ్గుగని కార్మికుడి కూతుర్ని. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నర్సింగు ముగించి, దుమ్ముగూడెం అవతల అడవి అంచున ఒక చర్చి నడిపే చిన్న ఆసుపత్రిలో చేరాను. డాక్టరు వారానికోసారి వచ్చేవాడు. మిగతా రోజుల్లో అన్నీ హెడ్ నర్సు రూతమ్మ గారే. యాభై దాటిన పొట్టి మనిషి, మాట కరుకు. చేరిన రోజే నా చేతులు చూసి, "రేపటికి ఈ గోళ్లుంటే నువ్వుండవు," అన్నారు. ఆసుపత్రికి ఒక జీపు ఉండేది. ఏదో సర్కారు ఆఫీసు వేలంలో వదిలించుకున్న బండి అది. అసలు రంగు ఆకుపచ్చ. దాని మీద తెల్లరంగు వేయించి, రెండు పక్కలా ఎర్ర ప్లస్ గుర్తు గీయించారు. అడవి దారిలో వెదురు కొమ్మలు గీరుకుంటే తెలుపు లేచిపోయి కిందున్న పచ్చ బయటపడేది. రోగిని తెచ్చి మంచం మీదికి చేర్చాక, రూతమ్మ గారు చేతులు కడుక్కుని, చిన్న రంగు డబ్బా, కుంచె పట్టుకుని ఆ గీతలన్నీ తానే కప్పేవారు. ఇదేం చాదస్తమని నేను చాటుగా నవ్వుకునేదాన్ని.

ఆ నవ్వు ఒక్క సాయంత్రంతో పోయింది. అడవిలో ఉన్నవాళ్లకూ పోలీసులకూ మధ్య ఊళ్లు నలిగిపోతున్న రోజులవి. ఏ రోడ్డు కింద మందుపాతర ఉందో ఎవరికీ తెలిసేది కాదు. జ్వరంతో ఉన్న పిల్లవాడిని ఎక్కించుకుని రూతమ్మ గారూ నేనూ వస్తుంటే కల్వర్టు దగ్గర ఒక మనిషి అడ్డమొచ్చి చెయ్యెత్తాడు. డ్రైవర్ సమ్మయ్య బండి ఆపాడు. ఆ మనిషి జీపు చుట్టూ ఒకసారి తిరిగి బానెట్ మీద చెయ్యి పెట్టాడు. ఆ వారం వానలకు అక్కడ తెల్లరంగు పెళ్లగా ఊడిపోయి ఉంది.

"అమ్మా, మూల తిరిగినప్పుడు పోలీసు బండి లెక్క పచ్చగ కనబడ్డది. రంగు ఏయించు," అన్నాడు మెల్లగా.

"ఏయిస్త," అన్నారు రూతమ్మ గారు.

అతను చెట్లలోకి వెళ్లిపోయాడు. కల్వర్టు దాటుతుంటే పక్కన మట్టి కొత్తగా తవ్వి ఉండటం చూశాను. నా ఒళ్లో పిల్లవాడు నిద్రపోతున్నాడు.

ఆనాటి నుంచి వానలు వెనకబట్టగానే ఏటా జీపును భద్రాచలం షెడ్డుకి పంపడం మొదలైంది. తుప్పు గీకాలి, మళ్లీ పట్టకుండా రెడ్ ఆక్సైడ్ కొట్టాలి, రంగు వేయాలి, అది ఆరాలి. అన్ని రోజులూ మాకు బండి ఉండేది కాదు. కిరాయి ఆటోలు తారు రోడ్డు దిగి లోపలికి వచ్చేవి కావు. ఒక ఏడు సమ్మయ్య సారపాక వెళ్లి, లారీ తొట్లకు వేసే నల్లటి రబ్బరు పూత సంగతి తెలుసుకొచ్చాడు. పూత వేసిన రేకు ముక్కను స్క్రూడ్రైవరుతో గట్టిగా గీకి చూపించాడు. గీత పడలేదు.

"సిస్టరమ్మా, ఒక్కపారి కొట్టిస్తే ఏండ్లకేండ్లు షెడ్డు మొకం చూసే పనిలేదు. తుప్పు రాదు, కొమ్మలు గీరినా ఏం గాదు."

"తెల్లది ఉన్నదా?"

"లేదు, నలుపొక్కటే. దాని మీద తెల్లరంగు ఏస్తే నిలవదంటుండు."

"నల్లబండిని దూరంకెల్లి చూసి అడవిల ఉన్నోళ్లు ఏమనుకుంటరు? పోలీసోళ్లు ఏమనుకుంటరు?"

సమ్మయ్య రేకు ముక్కను సంచిలో పెట్టేసుకున్నాడు. నేను మాత్రం ఊరుకోలేదు. "బండి లేని దినాలల్ల ఎవరికన్నా ఏమన్నా అయితే, సిస్టర్?" అని అడిగాను.

"అయితది," అన్నారామె. "ఏదో ఒక ఏడు అయితది. బండి పేలితే మాత్రం అందులున్నోళ్లందరం పోతం. తర్వాత ఈ ఊళ్లకు ఇంకో బండి రాదు. రెండిట్ల తక్కువ చెడు ఏదో అదే చేస్తున్న విమలా."

ఒకరి చావును ముందే ఒప్పుకుని ఇంత నిబ్బరంగా ఎలా మాట్లాడగలరని నాకు ఆమె మీద అసహ్యం లాంటిది పుట్టింది.

ఆ ఏడే అయింది. జీపు షెడ్డులో ఉండగా ముసురు పట్టింది, రంగు ఆరలేదు. లోపలి ఊళ్లో కన్నమ్మ అనే అమ్మాయికి కాన్పులో రక్తం ఆగడం లేదని కబురొచ్చింది. వానలో నడుస్తూ ఎదురు వెళ్లాం. ఆమె భర్త ముత్తయ్య, ఊరివాళ్లు మంచానికి కర్రలు కట్టి మోసుకొస్తూ వాగు దగ్గర కలిశారు. దారిలోనే ఆడపిల్ల పుట్టింది. మంచం నులకలోంచి నీళ్లు ఎర్రగా కారుతున్నాయి. రూతమ్మ గారు బురదలో మోకాళ్ల మీద కూర్చుని చేతనైనదంతా చేశారు. రక్తం ఎక్కించాలంటే భద్రాచలం చేరాలి. కన్నమ్మ మా చేతుల్లోనే పోయింది. ముత్తయ్య బిడ్డను గుడ్డలో చుట్టుకుని, మంచాన్ని వెనక్కి తిప్పించాడు.

జీపు తళతళలాడుతూ తిరిగొచ్చింది. "ఎక్కు, ఆ ఊరికి పోవాలె," అన్నారు రూతమ్మ గారు.

"వానకు బండి రాలేదనుకుంటుండ్రు వాళ్లు. ఇప్పుడు చెప్పి ఏం లాభం, సిస్టర్?"

"లాభానికి పోతలేం."

"మనం తప్పు చెయ్యలే గదా."

"అది ఆళ్లు చెప్పాలె. నల్లది వద్దన్నది నేను, పోయింది ఆళ్ల మనిషి. నా నోటితోనే ఇననియ్యి."

ముత్తయ్య గుడిసె ముందు మంచం వాల్చి కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు. "అయ్యా, బండిని రంగుకు పంపినం. నల్లపూత ఏయించి ఉంటే ఆ దినం బండి ఈడనే ఉండేది. వద్దన్నది నేనే. బండి ఉంటే నీ భార్య బతికేదేమో," అన్నారు. గొంతు స్థిరంగానే ఉంది. కాళ్లు మాత్రం వణుకుతున్నాయి, చీర కుచ్చిళ్లు కదలడం నాకు కనబడుతోంది. క్షమించమని అడగలేదు. అడిగితే ఆ ఇంటి మీద ఇంకో బరువు పెట్టడమేనని నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. ఊరంతా చుట్టూ చేరింది. నాకు జీపెక్కి పారిపోవాలనిపించింది. ఆమె ఒక్క అడుగు కదల్లేదు.

ముత్తయ్య లోపలికి వెళ్లి బిడ్డను తెచ్చాడు. బిడ్డ ఏడవడం లేదు. తల్లిపాలు లేక వడలిపోయి ఉంది.

"ఇప్పుడు బండి ఉన్నది గదా," అన్నాడు. "తీస్కపోండి."

ఆ పిల్ల బతికింది. తండ్రి వచ్చి తీసుకెళ్లాడు గాని, మాతో మళ్లీ ఎన్నడూ మాట్లాడలేదు. మరుసటి ఏడు రూతమ్మ గారు మళ్లీ తెల్లరంగే వేయించారు.

ఆమె పోయి చాలా కాలమైంది. ఇప్పుడు నేనొక ఆసుపత్రిలో నర్సుల మీద పెద్దగా ఉన్నాను. ఐసీయూలో ఒక్క మంచమే ఖాళీ ఉండి, వాకిట్లో ఇద్దరు ఆగి ఉన్న రోజులుంటాయి. డాక్టరుతో కలిసి ఎవరు ముందో తేల్చాలి. కొన్నిసార్లు మేం ఆపినవాళ్లు పోతారు. ఆ కబురు చెప్పడానికి చిన్న నర్సులను పంపను. ఎందుకు ఆపామో, అందులో నా మాట ఎంతుందో నేనే వెళ్లి చెబుతాను. ఒకతను చెంప మీద కొట్టాడు. ఒకామె నా భుజం మీదే పడి ఏడ్చింది. ఎక్కువమంది ఏమీ అనరు. వాళ్ల ముందు నిలబడటమే అన్నిటికన్నా కష్టం. నా కాళ్లూ వణుకుతాయి. వాళ్లు వెళ్లేదాకా అక్కడి నుంచి కదలను.