'పంటు' ఎవరికీ నచ్చలేదని చెప్పాను

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. బరువుగా ఉన్నట్టు ఎవరికీ కనపడదు. నవ్వించేవాడి కడుపులో ఏదీ దాగదని జనం అనుకుంటారు. దాగుతుంది. బాగా దాగుతుంది. పైన జోకు కప్పితే కింద ఏముందో ఎవరూ తీసి చూడరు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనవసరం లేదు. అమలాపురంలో చిన్న షాపు, అరవైకి దగ్గరపడ్డ మనిషిని. ఎనిమిదో తరగతితో చదువు మానేశాను. మానేశాను అనడం గౌరవం కోసం. మాస్టార్లు ఊపిరి పీల్చుకున్నారు. మా నాన్నకి కొబ్బరితోట ఉంది, వరిచేను ఉంది, నాకు మాత్రం వాటి మీద ధ్యాస లేదు. పాటలంటే ఇష్టమని క్యాసెట్ల షాపు పెట్టించాడు. మీకు కావలసిన పాటల చీటీ రాసి ఇస్తే ఖాళీ క్యాసెట్లో ఎక్కించి ఇవ్వడం నా పని. షాపు ముందు బల్ల, బల్ల మీద నలుగురు స్నేహితులు, వాళ్ళని రోజంతా నవ్వించడం నా అసలు పని.

ప్రభుదాసు అక్కడికే వచ్చేవాడు. పేరు మార్చాను. రాజోలు వైపు మనిషి. నాకంటే అయిదారేళ్ళు చిన్న. వాళ్ళ తాత మా తాత చేలో కూలికి వచ్చినవాడు. వాళ్ళ నాన్న హెడ్మాస్టరు అయ్యాడు. నేనేమో ఎనిమిదో తరగతి. అతను నన్ను "అన్నయ్యగారూ" అని పిలిచేవాడు, నేను "ఏమయ్యా" అనేవాణ్ణి. ఈ తేడా గురించి ఇద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

చర్చిలో గిటారు వాయించేవాడు. కానీ ఇంట్లో వాయించేది వేరు. చదువయ్యాక ఉద్యోగం లేని ఆ రెండేళ్ళలో, ట్యూషన్లు చెప్పి దాచుకున్నదంతా పెట్టి మద్రాసు వెళ్ళి, ఇద్దరు ముగ్గురు వాయిద్యగాళ్ళని కూడగట్టి, గంటసేపు పాటల్లేని క్యాసెట్టు ఒకటి చేయించుకొచ్చాడు. మాటలుండవు. గిటారే. పేరు 'పంటు'. అవును, మనం గోదావరి దాటే పంటే. దాని ఇంజను దడదడలాంటి తాళం మీద గిటారు నాదస్వరంలా సాగుతుంది, మళ్ళీ ఎక్కడో దొరల సంగీతంలోకి జారిపోతుంది. దాన్ని ఏమంటారో అప్పట్లో నాకు తెలియదు. ఇప్పటి కుర్రాళ్ళు జాజ్ ఫ్యూజన్ అంటున్నారు.

రెండు అట్టపెట్టెల నిండా క్యాసెట్లు తెచ్చి నా షాపులో పెట్టాడు. ఒక కాపీ మాత్రం ఇంట్లో ఉంచుకున్నాడు. అట్ట మీద బొమ్మ వాళ్ళ చెల్లెలు గీసింది. క్యాసెట్టు పై అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి, గుర్తుందా? అవి విరిచేస్తే దాని మీద ఇంకేదీ రికార్డు అవ్వదు. ఎవరూ చెరపకూడదని ప్రతి క్యాసెట్టుకీ ఆ రెక్కలు తనే కూర్చుని విరిచాడు.

ఆ కార్తీకంలో ఖాళీ క్యాసెట్ల సరుకు రాలేదు. ఊరంతా అయ్యప్ప మాలలు. భజన పాటలు కావాలని షాపు ముందు నల్లబట్టల వరస. "రేపు రండి స్వామీ, ఎల్లుండి రండి స్వామీ" అని ఎన్నాళ్ళంటాను? పక్కవీధి షాపుకి పోతున్నారు. ఆ రెండు పెట్టెలు నా కాళ్ళకి తగులుతున్నాయి. రెక్కలు విరిచిన చోట చిన్న ప్లాస్టరు ముక్క అతికిస్తే మళ్ళీ రికార్డు అవుతుంది. ఆ సంగతి ప్రతి క్యాసెట్ల షాపువాడికీ తెలుసు.

మొదట పదింటి మీదే ఎక్కిద్దాం అనుకున్నాను. సరుకు రాగానే ఒక 'పంటు' నుంచి మళ్ళీ పది చేసి పెట్టేస్తాను, అతనికి తెలియనే తెలియదు. నిజంగా అలాగే అనుకున్నాను. పది ఇరవై అయ్యాయి. తర్వాత లెక్క లేదు. వాళ్ళ చెల్లెలి బొమ్మ ఉన్న అట్టలు తిరగేసి, లోపలి తెల్లవైపు భజనల జాబితా రాశాను. నకలు తీయడానికని ఒకటి పక్కన పెట్టాను, ఆ ఒక్కటీ ఏ రోజు ఏ స్వామికి ఇచ్చేశానో నాకే తెలియదు. మాల విరమణలు అయ్యేసరికి పెట్టెలు ఖాళీ.

ఇంతవరకే అయితే ఇదొక దొంగతనం. దొంగతనం మోయలేనంత బరువేమీ కాదు.

భజన పాటలు ఒక్కో వైపు పాతిక నిమిషాలే. ప్రభుదాసు క్యాసెట్టు అరగంట. తొందరలో మిగిలిన చివర నేను చెరపలేదు. అంటే శరణుఘోష అయిపోయి, కాస్త నిశ్శబ్దం వచ్చి, ఆ తర్వాత నాలుగైదు నిమిషాలు గిటారు. జనం విన్నారు. విని ఊరుకోలేదు, వచ్చి అడిగారు. ఉప్పలగుప్తం నుంచి రొయ్యల చెరువులాయన వచ్చాడు. "స్వామీ, ఆఖర్న ఏదో వాయిద్యం వస్తందండి. చెరువు గట్టున పెట్టుకుని వింటన్నానండి. అది పూర్తిగా ఉందాండి మీ దగ్గర?" అన్నాడు. ఆస్పత్రిలో పనిచేసే ఒకావిడ అడిగింది. కొత్తపేట నుంచి నాదస్వరం వాయించే పెద్దాయన వచ్చి, షాపులోనే పెట్టించుకుని, కళ్ళు మూసుకుని నిలబడి విన్నాడు. "ఎవరండీ ఈ బాబు? ఒక్కసారి చూడాలండి" అన్నాడు. ఇంకా ఇద్దరో ముగ్గురో ఉన్నారు. అందరికీ నేను చెప్పింది ఒకటే. మిషను తప్పండీ, ఏదో పాత టేపు కలిసిపోయింది.

పూర్తిది ఇవ్వడానికి నా దగ్గర లేదు. ప్రభుదాసు ఇంట్లో ఉంది. రాజోలు బస్సెక్కి, "తమ్ముడూ, ఇలా చేశాను, నీ కాపీ ఇవ్వు, అడుగుతున్నారు" అని ఒక్క మాట అంటే చాలు. ఒక్క పూట పని. ఎందుకు వెళ్ళలేదు? తిడతాడనా? అతను తిట్టే మనిషి కాదు. అతని ముందు తలవంచుకుని నిలబడాలి, అందుకు. మా చేలో కూలికొచ్చినవాడి మనవడి ముందు. ఈ మాట ఇన్నేళ్ళలో నాలో నేను కూడా అనుకోలేదు. ఇప్పుడు రాస్తుంటే కలం ఆగింది.

మకరజ్యోతి అయిన వారానికి అతనే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. బల్ల మీద నలుగురూ ఉన్నారు.

"అన్నయ్యగారూ, మన క్యాసెట్లు ఏవన్నా కదిలేయాండి?"

"కదిలేయయ్యా. మొన్న ఆ అరలోంచి ఈ అరలోకి కదిలేయి."

బల్ల ఘొల్లుమంది. అతనూ నవ్వాడు.

"పోనీ ఎవరన్నా విన్నారాండి?"

"ఎందుకు వినలేదు? తీగలు సవరించుకోడం బానే ఉంది, పాటెప్పుడు మొదలెడతాడండీ అని అడిగేరు."

ఈసారి అతను నవ్వలేదు. బల్ల వైపు చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"మీకెలా అనిపించిందండి? మొహమాటం వద్దండి. మా వాళ్ళందరూ బాగుందనే అంటారు. మీరైతే ఉన్నదున్నట్టు చెప్తారండి."

అప్పటికి నేను 'పంటు' పూర్తిగా ఒక్కసారి కూడా వినలేదు. ఆ చివర నాలుగు నిమిషాలే.

"ఉన్నదున్నట్టంటే, చర్చిలో వాయించుకో తమ్ముడూ. అక్కడైతే నచ్చలేదని మధ్యలో లేచి వెళ్ళిపోయేవాడు ఉండడు."

బల్ల మీదవాళ్ళు మళ్ళీ నవ్వారు. అతను "ఆయ్" అన్నాడు. "మరైతే ఆ పెట్టెలు పట్టుకుపోతానండి" అన్నాడు. పెట్టెల్లో ఏమీ లేదు. అయినా నోరు ఆగితే కదా.

"ఎందుకయ్యా బస్సులో మోత? నేనే ఎక్కడో సర్దేస్తాలే."

"సరేనండి. నిజం చెప్పేరు. చాలా సంతోషమండి."

సంతోషమండి అన్నాడు. వెళ్ళిపోయాడు. మా వాళ్ళకి టీలు చెప్పాను.

ఆ తర్వాత అతను గిటారు ముట్టుకోలేదని తెలిసింది. చర్చిలో కూడా. పిల్లలకి లెక్కలు చెప్పే మాస్టారు అయ్యాడు, పెళ్ళయింది, మొన్నీమధ్య గడువుకి ముందే రిటైర్మెంటు తీసుకున్నాడు. పెళ్ళిళ్ళలో, బస్టాండులో ఎన్నిసార్లు కలిశామో. ప్రతిసారీ నేను ఏదో ఒక జోకు వేసేవాణ్ణి. ప్రతిసారీ అతను నవ్వేవాడు. మాస్టారయ్యాక "గారు" తగిలించాను, అదొక్కటే మారింది. పిల్లలకి చదువు చెప్పుకుంటున్నాడు, బానే ఉన్నాడు కదా అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. బానే ఉన్నాడని నిర్ణయించడానికి నేనెవర్ని?

నా షాపులో ఇప్పుడు ఫోన్ల కవర్లు, చార్జర్లు. మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం, స్పీకరు కొనడానికి ఒకాయన వచ్చాడు. సౌండు ఎలా ఉందో చూస్తానని తన ఫోన్లోంచి ఏదో పెట్టాడు. పంటు ఇంజను దడదడ.

"ఇది మనవైపేనంటండి. పాత క్యాసెట్టంట. ఎక్కడెక్కడివాళ్ళో వింటన్నారండి" అన్నాడు.

ప్రభుదాసు ఇల్లు మారుతుంటే సాయానికి వెళ్ళిన చెల్లెలి కూతురు ఆ ఒక్క కాపీని పెట్టెలో చూసిందట. హైదరాబాదులో పాత రికార్డులు పోగుచేసే కుర్రాళ్ళకి ఇచ్చిందట. వాళ్ళు శుభ్రం చేసి ఇంటర్నెట్లో పెట్టారు. ఆయన స్పీకరు కొనుక్కుని వెళ్ళిపోయాక, షట్టరు సగం దించి, గంటసేపూ విన్నాను. మొదటిసారి. బాగుందో లేదో చెప్పే చదువు నాకు లేదు. మధ్యలో ఒకచోట ఇంజను ఆగిపోతుంది, గిటారు ఒక్కటే నీళ్ళ మీద మిగిలినట్టు ఉంటుంది. ఆ చోట రెండుసార్లు వెనక్కి వెళ్ళాను. భజన పాటలు సరిగ్గా ఈ భాగం మీదే ఎక్కించాను.

దాని కింద ఆ కుర్రాళ్ళు ప్రభుదాసుతో మాట్లాడిన వీడియో ఉంది. ఎందుకు మానేశారండీ అని అడిగారు. ఆయన నెమ్మదిగా, వరండాలో కూర్చుని చెప్పాడు.

"అమలాపురంలో మా అన్నయ్యగారొకరు ఉన్నారండి. జనానికి పట్టలేదని మొహం మీద చెప్పిన మనిషి ఆయనొక్కరేనండి. ఆయన చెప్పబట్టే భ్రమలు వదిలేసి ఉద్యోగం చూసుకున్నాను. ఆయనకి రుణపడి ఉంటానండి."

ఇప్పుడు ఇంతమంది బాగుందంటున్నారు కదండీ అన్నారు వాళ్ళు. ఆయన నవ్వాడు. "వాళ్ళ మంచితనం అండి. పాతదంటే జాలి కదండీ."

చూశారా? ఇంతమంది చెబుతున్నా నమ్మడం లేదు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట, వినకుండానే ఒక వెధవ వేసిన జోకుని నమ్ముతున్నాడు.

ఇంకొకటుంది. పోయిన నెల ఆయనే ఫోన్ చేశాడు. ఆ కుర్రాళ్ళు అమలాపురంలో హాలు మాట్లాడతారట, 'పంటు' మళ్ళీ వాయించమంటున్నారట. "మీరేవంటారండి? మీరు వద్దంటే వద్దని చెప్పేస్తానండి. మీ మాట మీదైతే నాకు గురి." అదే గొంతు. అదే అమాయకత్వం. అప్పుడైనా చెప్పానా? "గిటారు మీటడానికి గోళ్ళు పెంచుతున్నారా మాస్టారూ?" అన్నాను. నవ్వాడు. ఆలోచించి చెబుతానని పెట్టేశాను. ఇంకా చెప్పలేదు. ఆయన ఇంకా వాళ్ళకి జవాబివ్వలేదట. నా కోసం ఆగాడు.

ఫోన్లో నన్ను నేను నమ్మలేను. నోరు తెరిస్తే జోకే వస్తుంది. ఎదురుగా వెళ్ళినా అంతే. కాగితం మీదైతే బల్ల మీద నవ్వేవాళ్ళు లేరు. అందుకే రాస్తున్నాను. పేరు పెట్టడం లేదు, అది పిరికితనమే, ఒప్పుకుంటాను. కానీ ప్రభుదాసు వారం వారం ఈ పత్రిక కొంటాడు. పెట్టెలు, రెక్కలు అనగానే ఆయనకి తెలిసిపోతుంది. చదువుతూ ఈ వాక్యం దాకా వచ్చి ఉంటే, ఈపాటికే తెలిసిపోయింది.

మాస్టారూ, మీ 'పంటు' ఎవరికీ నచ్చకపోవడం కాదు. నేనెవరికీ అమ్మనే లేదు. తుడిపేశాను. తుడవగా మిగిలిన ముక్క కోసమే మనుషులు వెతుక్కుంటూ వచ్చారు, నేను అబద్ధం చెప్పి పంపించాను. తీగలు సవరించుకోవడం అని ఎవరూ అనలేదు, అది నేను కల్పించాను. కొత్తపేట నాదస్వరం ఆయన మిమ్మల్ని చూడాలన్నాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. వాయించమని గానీ వద్దని గానీ చెప్పే మనిషిని కాను నేను. నన్ను అడక్కండి.

క్షమించమని రాయడం లేదు. రాస్తే మీరు "ఆయ్, పర్లేదండి" అంటారు. అలా అంటారని తెలుసు కాబట్టే అడగను.

రాసేశాను. కొంచెం తేలిగ్గా ఉంది. ఈ తేలిక ముందు నాకు దక్కడం న్యాయం కాదు. కానీ ఉంది.